రెండు చుక్కల దగ్గర

జూన్ 3

చిన్నోడికి,

మీ అక్క పేరు మీద ఉత్తరాలు ఇంకా వస్తున్నాయి. బ్యాంకుకి, కరెంటు ఆఫీసుకి చెప్పాను. బాలికల పాఠశాల హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పాలని తట్టలేదు. ఆవిడ రాసింది: "మీ తమ్ముడి బృందంతో మా పిల్లలకి కచేరీ పెట్టిస్తానని మాటిచ్చారు. తేదీ చెప్పలేదు." మీ అక్క జనవరిలో పోయిందని, ఆ పని ఇకమీదట నేను చూస్తానని జవాబు రాశాను. ఆ రెండో ముక్క ఎందుకు రాశానో తెలియదు. రాశాను కాబట్టి చూడాలి.

ఏమేం వాయిస్తారో, ఏది ఎంతసేపు పడుతుందో రాయి. సంగీతం షీట్లు కూడా పంపు. నీ అంచనా మీద నాకు నమ్మకం లేదు. మీ అక్క "ఓ పావుగంట పని" అంటే ఆ పూటంతా పట్టేది. నీకూ అదే అలవాటు.

నీ చెల్లో తీగలు, ఆ నిలువెత్తు వయొలిన్‌వి, బీరువా సొరుగులో వదిలేసి వెళ్ళావు. చుట్టి పంపుతున్నాను.

నువ్వు అక్కకి పంపిన రికార్డింగు ఒకసారి విన్నాను, ఎంతసేపుందో చూడటానికి. ప్రతి భాగం మొదట్లో ఎవరో గట్టిగా ముక్కు ఎగబీలుస్తున్నారు. మొదటి వయొలిన్ అమ్మాయి అనుకుంటాను. జలుబు ముదిరింది. ఆవిరి పట్టమను.

బావ


జూన్ 9

బావగారికి,

నమస్కారంతో మొదలుపెట్టాలి. కానీ ముందు కోపం వస్తోంది, అదే ముందు రాస్తున్నాను.

మీ ఉత్తరం వచ్చేసరికి నలుగురం సాధన గదిలో ఉన్నాం. "మీ బావగారు రాశారా? పైకి చదువు" అన్నారు. నా బుద్ధి గడ్డి తిని చదివాను. ముక్కు దగ్గరికొచ్చాక ఆపడానికి ఆలస్యమైపోయింది. మా మొదటి వయొలిన్ అమ్మాయిని మేం కెప్టెన్ అంటాం. ఎందుకంటామో మీకే తెలుస్తుంది. ఆవిడ కమాను ఒళ్ళో పెట్టుకుని, "నాకు జలుబు లేదు" అంది. మా వియోలా కుర్రాడు, నిచ్చెనంత పొడుగు, వాడి పేరే నిచ్చెన, నవ్వలేక కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాడు. రెండో వయొలిన్ ఆయన మామూలుగా రోజుకో మాట మాట్లాడతాడు. ఆ రోజు మాట "ఆవిరి".

బావా, అది జలుబు కాదు. మా నలుగురి ముందూ నిలబడి చెయ్యి ఊపేవాళ్ళెవరూ ఉండరు. మరి అందరం ఒక్కసారే ఎలా మొదలుపెడతాం? కెప్టెన్ గాలి పీలుస్తుంది. ఆ శబ్దంతోపాటే మేం ముగ్గురం పీలుస్తాం. నాలుగు కమానులూ కలిసి దిగుతాయి. అది మా వృత్తి. దానికి మీరు మందు చెప్పారు.

రెండోది. తీగలు అందాయి. చుట్టిన పేపరు కూడా అందింది. తీగల మీద సరిగ్గా పైకి కనబడేలా ఉన్న ప్రకటన చదివాను: "సంగీతం టీచరు కావలెను. పర్మనెంటు ఉద్యోగం. ఉండటానికి ఇల్లు ఇవ్వబడును." అర్థమైంది బావా. మీరు మాట పారేసుకునే మనిషి కాదని తెలుసు. కానీ తీగలకి చుట్టి చెప్పాలా? నేను చెల్లో పట్టుకున్న రోజు నుంచి మీకు నచ్చలేదని నాకు తెలియంది కాదు. అక్క మధ్యలో ఉండేది కాబట్టి సరిపోయింది.

మూడోది, అసలు సంగతి. ఇక్కడి కచేరీ హాలు వాళ్ళు మాకు ఈ ఏడాదికి సాధన గదీ జీతమూ ఇచ్చారు కదా. ఊరికే ఇవ్వలేదు. హాలు దాటి బయటికెళ్ళి జనం మధ్య వాయించాలి, టిక్కెట్టు కొని రాలేనివాళ్ళ దగ్గరికి మేమే వెళ్ళాలి. మన ఊరి వంతుకి మూడు చోట్లు: బాలికల పాఠశాల, బస్సు డిపో, పెద్దాసుపత్రి నాలుగో అంతస్తు వార్డు. మూడూ అక్క కుదిర్చినవే. నవంబరు ఆఖరుకి మూడూ అవ్వాలి. ఒక్కటి తప్పినా వచ్చే ఏడాది గది ఇంకో బృందానికి. ఆర్కెస్ట్రాలో ఉద్యోగానికి రమ్మని రెండో వయొలిన్ ఆయనకి ఇప్పటికే కబురొచ్చింది. గది పోతే ఆయన పోతాడు. ఆయన పోతే మిగిలేది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకాయన మీరు చెప్పిన బడిలో టీచరు.

మీరు ఫోన్‌లో "ఊఁ", "సరే", "ఉంటా" తప్ప మాట్లాడరు కాబట్టి ఇదంతా రాయాల్సొచ్చింది. ఇక్కడ జిరాక్స్ మిషన్ పాడైంది. షీట్లు అసలువే పంపుతున్నాను. జాగ్రత్త.

మీ బావమరిది,
ఇంకా సంగీతం టీచరు కానివాడు


జూన్ 14

చిన్నోడికి,

అది చుట్టడానికి తీసుకున్న కాగితం. పేపర్ల కట్టలో పైనున్నది తీశాను. ప్రకటన నేను చూడలేదు. నీ ఉత్తరం వచ్చాక లైబ్రరీకి వెళ్ళి ఆ రోజు పేపరు తీయించి చదివాను. జీతం బాగానే ఉంది. ఇది సూచన కాదు. బాగుంది కాబట్టి బాగుందన్నాను.

ముక్కు సంగతి తెలిసింది. డిపోలో బస్సు కదలాలంటే కండక్టరు ఈల వేస్తాడు. మీరు కూడా ఆలోచించవచ్చు.

పాఠశాల వాళ్ళు జూన్ 30న ఆఖరి పీరియడ్ ఇచ్చారు. పీరియడ్ చిన్నది. షీట్లు ముందు పెట్టుకుని, రికార్డింగు పక్కన పెట్టుకుని లెక్క వేశాను. సరిపోతుంది. నేను ఇరవై ఏళ్ళుగా బస్సుల వేళలు వేస్తున్నాను. నా లెక్క తప్పదు. షీట్లలో అనవసరమైన గుర్తులు కొన్ని ఉంటే కొట్టేశాను. షీట్లు హెడ్‌మిస్ట్రెస్ గదిలో పెడతాను, అక్కడే తీసుకోండి.

రాత్రికి ఇంట్లోనే పడుకోవచ్చు. పక్కలు నాలుగు వేయిస్తాను.

బావ


జూలై 2

అయ్యా బావగారూ,

మీరు ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టలేదు కాబట్టి జరిగింది ఎవరో ఒకరు చెప్పాలి. నేనే చెబుతాను. మిగతా ముగ్గురూ మీ ఇంట్లో పడుకుని, మీ దుప్పట్లు కప్పుకుని, మీ టీ తాగి వచ్చారు కాబట్టి వాళ్ళకి మొహమాటం.

బడి వాళ్ళు బల్లలన్నీ గోడకి తోసి పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టారు. నిచ్చెన వియోలా ఎత్తి చూపించి "ఇదేంటి?" అన్నాడు. "వయొలిన్!" అన్నారు. "కాదు, దానికి అన్న." వెనక నుంచి ఒక పిల్ల, "మరి అన్న పేరు ఎవరికీ తెలీదెందుకు?" అంది. ఆ ప్రశ్నకి వాడు ఇంకా జవాబు వెతుక్కుంటున్నాడు.

తర్వాత షీట్లు తెరిచాం. తెరిస్తే ఏముంది, ఎర్ర సిరా! ప్రతి షీట్లోనూ రెండు చుక్కలు, వాటి పక్కన లావుపాటి నిలువుగీత ఉండే చోటల్లా తప్పు దిద్దినట్టు ఎర్రగా కొట్టేసి ఉంది. కెప్టెన్ నా వైపు చూసింది. ఆ చూపు నేను వర్ణించను.

బావా, ఆ రెండు చుక్కలకి అర్థం ఏమిటో తెలుసా? "వెనక్కి వెళ్ళి మొదటి నుంచి మళ్ళీ వాయించు" అని. అచ్చుతప్పు కాదు. రాసినాయన కావాలనే పెట్టాడు. మాకు వేళ్ళకి అలవాటు, మీ ఎర్ర గీతలు దాటుకుని వెనక్కి వెళ్ళిపోయాం. ఇంకో పిల్ల గట్టిగా "అదేంటీ, మర్చిపోయి మళ్ళీ మొదటికొచ్చారు!" అంది. అందరూ గొల్లున నవ్వారు. మీ లెక్కలో వెనక్కి వెళ్ళడం లేదు కాబట్టి పీరియడ్ అయిపోయింది, మేం అవ్వలేదు. ఆఖరి భాగం సగంలో గంట కొట్టారు. పిల్లలు చెప్పులు వెతుక్కుంటూ లేచారు. నలుగురం కమానులు గాల్లో పెట్టుకుని ఉండిపోయాం.

హాలు కార్యదర్శి కూడా వచ్చారు. "వేళ చూసుకోలేదా?" అని అడిగారు. "మా బావగారిది అదే ఉద్యోగమండీ" అని చెప్పుకోవాల్సొచ్చింది.

ఒకటి అడుగుతాను. మన ఇంటి ముందు గదిలో మేం సాధన చేసేటప్పుడు అక్క బట్టలు ఇస్త్రీ చేస్తూ వినేది. మీరు ఆ టైముకి ఎప్పుడూ ఆఫీసులోనే. టైము లేక మేం ఆ చుక్కలు దాటేసి ముందుకెళ్ళిపోతే ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి, "రెండోసారి ఏదర్రా?" అనేది. "అదే కదక్కా" అంటే, "అదే అయితే మాత్రం? మొదటిసారి ఎవరో వచ్చినట్టుంటుంది. రెండోసారి మనవాళ్ళొచ్చినట్టుంటుంది" అనేది. అయిపోయాక రోజూ ఒకటే మాట: "రెండోసారి బాగుంది." ఒక్కసారి కూడా మొదటిసారి బాగుందనలేదు. ఇంట్లో మీకు ఎప్పుడూ చెప్పలేదా?

ఎర్ర సిరా పోదు. ఇకమీదట షీట్లు ముట్టుకోకండి. చేతులెత్తి అడుగుతున్నాను.

మీ బావమరిది


జూలై 8

చిన్నోడికి,

బస్సు ఒక స్టాపుకి వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ అదే స్టాపుకి వస్తే ప్రయాణికులు ఫిర్యాదు రాస్తారు. నాకు రాస్తారు. అందుకని కొట్టేశాను. సంగీతంలో అది పద్ధతి అని షీటు మీద ఎక్కడా రాసి లేదు.

హెడ్‌మిస్ట్రెస్ బాగానే రాసింది. పిల్లలు వారమంతా మొదటి ముక్క ఈల వేస్తూ తిరిగారట. రెండుసార్లు విన్నది అదొక్కటే. మిగతావి ఎవరికీ గుర్తు లేవు. ఈ సంగతి నీకు ఉపయోగపడవచ్చని రాస్తున్నాను.

డిపో కుదిరింది. ఆగస్టు 5, మధ్యాహ్నం, డ్రైవర్ల విశ్రాంతి గది. ఈసారి వేళ మీరే వేసుకోండి. రెండు విషయాలు. చెప్పులు బయట విడవండి. బల్ల మీద అద్దం కింద పెట్టిన కాగితాలు కదపొద్దు, అవి డ్యూటీ చార్టులు.

బావ


ఆగస్టు 7

బావగారికి,

పడుకున్నారు.

కచేరీ గురించి ఇంతకంటే రాయడానికేం లేదు, కానీ రాస్తాను. విశ్రాంతి గదిలో మంచాలు ఉంటాయని మాకు ముందే చెప్పి ఉండొచ్చు. మేం లోపలికెళ్ళేసరికి డ్రైవర్లు మర్యాదగా లేచి కూర్చున్నారు. కెప్టెన్ గాలి పీల్చింది, మొదలుపెట్టాం. చుక్కల దగ్గరికొచ్చి వెనక్కి తిరిగేసరికి ఒకాయన ఒరిగాడు. ఇంకాసేపటికి వరసగా అందరూ. ఒక పెద్దమనిషి గురక నా చెల్లో కంటే కింది స్థాయిలో ఉంది. నిచ్చెన నా చెవిలో, "నీకు పోటీ" అన్నాడు. నెమ్మది భాగం మధ్యలో కెప్టెన్ ఆపేసింది. ఆవిడ ఆపడం ఈ నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. వయొలిన్ పెట్టెలో పెట్టి, "మనం ఎవరికీ అక్కర్లేని చోటికొచ్చాం" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. బస్సులో మాకు దూరంగా ముందు సీట్లో కూర్చుంది. రెండో వయొలిన్ ఆయన ఆర్కెస్ట్రా వాళ్ళ ఉత్తరం జేబులోంచి తీసి చదువుకున్నాడు, నేను చూశాను.

మీరు డిపోలో ఆ గదే కుదిర్చింది ఇందుకేనా? ఊరికే అడుగుతున్నాను.

ఆసుపత్రి తేదీ వెంటనే కావాలి. మిగిలింది అదొక్కటే.

మీ బావమరిది


ఆగస్టు 12

చిన్నోడికి,

తెల్లవారుజామున బండెక్కి మధ్యాహ్నానికి దిగినవాళ్ళు వాళ్ళు. సాయంత్రం మళ్ళీ ఎక్కాలి. ఆ గదిలో పడుకోవడం పనిలో భాగం. మీరు వస్తున్నారని మర్యాదకి లేచి కూర్చున్నారు.

నీ చెల్లోతో పోటీ పడినాయన నిన్న నా బల్ల దగ్గరికొచ్చాడు. "సార్, మీ బావమరిది వాళ్ళు మధ్యలో ఎందుకాపేశారు? చప్పున మెలకువొచ్చేసింది" అన్నాడు. "మీరు పడుకున్నారని వాళ్ళకి బాధ" అన్నాను. "మరి అదే పాట మళ్ళీ వచ్చింది కద్సార్. అంతా మామూలుగానే ఉందనుకుని కళ్ళు మూశాను. కొత్తదేదో వచ్చుంటే మేలుకునేవాణ్ణే" అన్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగాడు. వాళ్ళ గది తలుపు శబ్దం చేస్తోందని ఎన్నాళ్ళుగానో ఫిర్యాదు ఉంది. అది బాగు చేయించాక చెబుతానన్నాను.

ఇది మీ కెప్టెన్‌కి చదివి వినిపించు. ఈసారి ముక్కు గురించి ఏమీ లేదు.

ఆసుపత్రి గురించి. లిఫ్టు చిన్నది. చెల్లో పట్టదు.

బావ


సెప్టెంబరు 10

బావగారికి,

డ్రైవరుగారి మాట చదివాను. కెప్టెన్ ఆ కాగితం తన పెట్టెలో పెట్టేసుకుంది. వయొలిన్ పెట్టెలో మూత లోపల, అద్దం పక్కన. కాబట్టి ఇప్పుడు మీ ఉత్తరం నా దగ్గర లేదు. అయినా లిఫ్టు సంగతి గుర్తుంది. నెల రోజులుగా గుర్తుంది.

బావా, చెల్లో మెట్లెక్కుతుంది. నేను మోసుకెళ్తాను. పదేళ్ళుగా అదే చేస్తున్నాను. తేదీ ఒకటి అడిగి రాయండి, చాలు.

మీ బావమరిది


సెప్టెంబరు 17

చిన్నోడికి,

వార్డుకి రంగులు వేస్తున్నారు. వాసన ఉంటుంది.

ఇక్కడ వర్షాలు. ముందు గదిలో కిటికీ చెక్క ఉబ్బి మూతపడటం లేదు. వడ్రంగిని పిలిచాను. మీరు సాధన చేసుకునే కుర్చీలు అక్కడే ఉన్నాయి. వాటిని వెనక గదిలోకి జరపాలా వద్దా, రాయి.

బావ


అక్టోబరు 15

బావగారికి,

కుర్చీలు జరపండి. అమ్మేయండి. ఇక వాటితో పనిలేదు.

నిన్న హాలు కార్యదర్శి పిలిచారు. ఆసుపత్రి నాలుగో అంతస్తు పెద్ద నర్సు కార్యదర్శికి ఫోన్ చేసిందట. "మీ పిల్లలకి అంత తలపొగరేంటండీ? మేం రమ్మని మూడుసార్లు రాశాం. మూడుసార్లూ రాలేమని జవాబు. రోగులు కదా, వాళ్ళు కూడా మనుషులే" అందట. కార్యదర్శి అడుగుతుంటే నేను నేల చూస్తూ నిలబడ్డాను. నాకేం తెలుసు? నేనేమో నెలనెలా తేదీ, తేదీ అని మీకు మొర పెట్టుకుంటున్నాను. మీరేమో లిఫ్టు అన్నారు, రంగులు అన్నారు. అక్కడ వాళ్ళు పిలుస్తూనే ఉన్నారు!

ఎర్ర సిరా అంటే తెలియక అనుకున్నాను. డిపో అంటే నా ఖర్మ అనుకున్నాను. ఇది మాత్రం తెలిసి చేసిందే. ఈ బృందం విరిగిపోవాలని, నేను బుద్ధిగా ఆ బళ్ళో చేరాలని మీకుంటే ఒక్కసారి మొహం మీద చెప్పి ఉండొచ్చు. రెండో వయొలిన్ ఆయన ఈ నెలాఖరులోగా ఆర్కెస్ట్రాకి జవాబివ్వాలి. ఈ నలుగురిని కలిపింది అక్క. నలుగురికీ వండిపెట్టి, తగువులు తీర్చి, ముందు గది మాకు వదిలేసి తను వసారాలో కూర్చునేది. అక్క ఉంటే ఇలా జరిగేదా? మీరే చెప్పండి.

చెప్పరు. తెలుసు.

ఉంటాను.


అక్టోబరు 20

చిన్నోడికి,

నర్సు చెప్పింది నిజం. రాలేమని రాసింది నేనే. లిఫ్టు చిన్నదే, రంగులు వేసిందీ నిజమే. కారణం అవి కాదు.

మీ అక్కని కింది అంతస్తులో ఉంచింది మొదటి రోజు ఒక్కటే. మర్నాడు నాలుగో అంతస్తుకి మార్చారు. కిటికీ పక్క మంచం. నువ్వు పర్యటనలో ఉన్నావు. నీతో ఫోన్‌లో "ఇంకా కిందే ఉన్నాన్రా, రేపో మాపో పంపించేస్తారు" అనేది. పై అంతస్తు జబ్బు ముదిరినవాళ్ళకి, తెలిస్తే కచేరీలు వదిలేసి వస్తావని. ఫోన్ చెవి దగ్గర పట్టుకున్నది నేను. చెప్పొద్దంది. ఆ తర్వాత నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ గదిలో మీరు వాయిస్తే వినడం నా వల్ల కాదనుకున్నాను. అది నా సంగతి. దాన్ని మీ ఉద్యోగానికి అడ్డం పెట్టాను.

ఈ రోజు పెద్ద నర్సుని కలిశాను. నవంబరు 12, మధ్యాహ్నం భోజనాల తర్వాత. మీ కార్యదర్శికి కూడా ఉత్తరం రాశాను. పొగరు మీది కాదని, జవాబులు నావని అందులో ఉంది. రెండో వయొలిన్ ఆయనకి ఇది చూపించు.

నేను రాను. షీట్లు ఒకసారి పంపు. లెక్క మళ్ళీ వేయాలి.

కుర్చీలు ఉన్నచోటే ఉన్నాయి.

బావ


అక్టోబరు 26

బావగారికి,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఈసారి పైకి కాదు.

ఏం రాయాలో తెలియడం లేదు. నా ముందు ఉత్తరం చింపేయండి అని రాద్దామనుకున్నాను. మీరు చింపరు, తేదీ ప్రకారం ఫైల్లో పెట్టేసి ఉంటారు. ఉండనివ్వండి.

కిందే ఉన్నానంది బావా నాతో. "ఇక్కడ కిటికీలోంచి బస్సులు కనబడుతున్నాయిరా, మీ బావ వేళకే నడుపుతున్నాడు" అని నవ్వింది. కింది అంతస్తులో కిటికీకి ఎదురుగా కాంపౌండు గోడ ఉంటుందని నాకు అప్పుడే తట్టి ఉండాలి.

కెప్టెన్‌కి చెప్పాను. "ఇంకో వార్డు అడుగుదాం, హాలు వాళ్ళతో నేను మాట్లాడతాను" అంది. ఆవిడ ఒకరిని అడుగుతాననడం నేను వినలేదు ఎప్పుడూ. రెండో వయొలిన్ ఆయన ఆర్కెస్ట్రా వాళ్ళని పదిహేను రోజులు గడువు అడిగాడు. నిచ్చెన మీకు నమస్కారాలు చెప్పమన్నాడు, జోకు వేయకుండా.

వార్డు మార్చమంటారా? నెమ్మది భాగం ఒక్కటే వాయించమంటారా? మీరు ఎలా అంటే అలా. షీట్లు పంపుతున్నాను. వాటిని ఏం చేసుకున్నా సరే.

చిన్నోడు


అక్టోబరు 31

చిన్నోడికి,

వార్డు మార్చొద్దు. రోగులకి చెప్పేశారు.

నెమ్మది భాగం వద్దు. అక్కడ అన్నీ నెమ్మదిగానే జరుగుతాయి. మొదటి భాగం వాయించండి, వేగంగా ఉండేది.

గడువు నవంబరు 12 దాటేలా చూడమను.

బావ


నవంబరు 14

బావగారికి,

అయింది.

మీరు రానన్నారు కాబట్టి మొత్తం రాస్తాను.

లిఫ్టు ముందు పెద్ద నర్సు నిలబడి ఉంది. "చెల్లో ఎవరిది? ఐమూలగా పెట్టి, మెడ ఆ మూలకి ఆనించండి, పడుతుంది" అంది. "మీకెలా తెలుసండీ?" అంటే, "మీ బావగారు నిన్నొచ్చి టేపుతో కొలిచి వెళ్ళారు. పైకి కూడా వచ్చారు. కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డారు. టీ ఇస్తే తాగలేదు" అంది. పట్టింది బావా, మీరు చెప్పిన మూలకే.

మంచాలు కాస్త జరిపి మధ్యలో చోటు చేశారు. నాకు కిటికీ పక్క స్టూలు వచ్చింది. ఆ మంచం మీద ఒక ముసలావిడ ఉంది. కూతురు కాబోలు, పక్కన కూర్చుని దిండు సర్దుతోంది. ముసలావిడ నా చెల్లోని ఎగాదిగా చూసి, "ఇంత పెద్దది మోసుకుని తిరుగుతున్నావు, తింటున్నావా సరిగ్గా?" అంది. నేను తల ఊపాను.

షీట్లు స్టాండు మీద పెట్టాం. మీరు తిరిగి పంపిన కవరు నేను అక్కడే విప్పాను. మీ ఎర్ర గీతలున్న ప్రతి చోటా తెల్ల కాగితం ముక్క అతికించి ఉంది. దాని మీద నల్ల సిరాతో రెండు చుక్కలు, లావుపాటి నిలువుగీత. నాలుగు షీట్లలోనూ. స్కేలు పెట్టి గీశారు, చుక్కలకి ఏం వాడారో తెలియదు, అచ్చు వేసినట్టున్నాయి. కెప్టెన్ వేలితో తడిమి చూసింది. మీరు నర్సుకిచ్చిన వేళల కాగితం గోడకి అంటించి ఉంది. మొదటి భాగానికి మేం అడిగినదానికంటే ఎక్కువ వేళ వేశారు. సరిగ్గా రెండోసారికి సరిపడా.

వాయించాం. చుక్కల దగ్గరికొచ్చాం, వెనక్కి వెళ్ళాం. మళ్ళీ మొదలవగానే ముసలావిడ కూతురితో, "ఇది ఇందాకటిదే" అంది. గట్టిగానే అంది. ఎవరూ నవ్వలేదు.

కార్యదర్శి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. వచ్చే ఏడాది సంగతి సమావేశంలో చెబుతామన్నారు. "కానీ సాధన గది తాళం నా చేతికివ్వనక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సు డిపో ముందు నుంచి వెళ్తుంటే రెండో వయొలిన్ ఆయన నోరు తెరిచాడు. "వచ్చే ఏడాది అక్కడికి నేనూ ఒక దుప్పటి తెచ్చుకుంటాను" అన్నాడు. ఆ రోజు మాట అదే. ఆర్కెస్ట్రా ఉత్తరం తీసి నిచ్చెనకిచ్చాడు. వాడు దాన్ని మడిచి కుదురుగా లేని నా స్టాండు కాలి కింద పెట్టుకోమన్నాడు.

మీరు వచ్చి ఉంటే బాగుండేది. ఈ ఒక్క మాట కోపంతో కాదు.

చిన్నోడు


నవంబరు 18

చిన్నోడికి,

ఉత్తరం అందింది. ఫైల్లో పెట్టాను.

చుక్కలకి జామెట్రీ పెట్టెలో కంపాసు వాడాను.

రానన్నాను. వార్డులోకి రాలేదు. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య మెట్ల మీద మలుపు ఉంది. కిటికీ ఉంది, కూర్చోవడానికి గట్టు ఉంది. అక్కడిదాకా వినబడుతుంది.

మీ అక్క రోజూ ఏమనేదో నువ్వు రాసేదాకా నాకు తెలియదు. ఆ మాట నేను అంటే అతికినట్టుండదు. అనను.

కిటికీ వడ్రంగి బాగు చేశాడు. ఇప్పుడు పడుతోంది. శీతాకాలంలో సాధనకి నలుగురూ ఇక్కడికే రండి. ఇస్త్రీ నాకు సరిగ్గా రాదు, కానీ సాయంత్రాలు ఆఫీసు నుంచి త్వరగా రాగలను. డ్యూటీ మార్చుకున్నాను.

ఇంకొకటి. రెండోసారి వాయిస్తున్నప్పుడు, సగం దాటాక, మీ కెప్టెన్ గట్టిగా ముక్కు ఎగబీల్చింది. మెట్ల మీదికి స్పష్టంగా వినబడింది. షీట్లు పంపేముందు జిరాక్స్ తీయించుకున్నాను, అది తీసి చూశాను. అది ఏదీ మొదలయ్యే చోటు కాదు. కాబట్టి అది జలుబే.

ఆవిరి పట్టమను.

బావ